ఎర్ర ఆయిల్

పటేల్‌గూడ నుంచి పాశమైలారం కంపెనీలకు ఆడవాళ్లను తీసుకుపోయే బండ్లలో ఆడమనిషి నడిపేది ఒక్కటే ఉండేది. అది రేఖ టవేరా. పాత బండి. తెల్ల రంగు వెలిసి ఎముక రంగుకు దిగింది. అయినా పొద్దుటి షిఫ్టు ఆడవాళ్లు కొత్త బండ్లను వదిలేసి దాని కోసమే నిలబడేవాళ్లు. రేఖ బ్రేకు వేస్తే తల ముందుకు ఊగదని ఒకరు, అద్దంలోంచి మగ డ్రైవరు చూపులు పొడవవని ఇంకొకరు చెప్పుకునేవాళ్లు.

ఆ బండి మొదట ఆమె భర్త దశరథ్‌ది. అతను కెమికల్ ట్యాంకర్ డ్రైవరు. డ్యూటీ లేని రోజుల్లో కిరాయిలకు తిప్పుకోవచ్చని దాన్ని కొన్నాడు. పెళ్లయిన కొత్తలో, ప్లాట్లు చేసి రాళ్లు పాతి వదిలేసిన ఖాళీ జాగాలో, సరదాగా రేఖకు డ్రైవింగ్ నేర్పింది కూడా అతనే.

"స్టీరింగ్‌ని గుంజొద్దు రేఖా. మెల్లగ చెప్పు, అదే తిరుగుతది" అనేవాడు. ఆమె రాళ్లను గుద్దినప్పుడల్లా పడీ పడీ నవ్వేవాడు.

ఆ సరదాయే తర్వాత బతుకుతెరువు అయింది. ఒకరోజు ఏదో కంపెనీలో ట్యాంకర్ ఖాళీ చేస్తుంటే పైపు జాయింటు ఊడి, లోపలి మందు దశరథ్ మొహం మీదికి చిమ్మింది. కుడి కన్ను పోయింది. ఎడమ కంటి మీద పొర కమ్మింది. ఎదురుగా మనిషి వస్తే తెలుస్తుంది, ఎవరో తెలియదు. ఎండలో కొంత నయం, నీడలో అన్నీ ఒకటే బూడిద. కంపెనీవాళ్లు కొన్నాళ్లు ఆస్పత్రికి వచ్చిపోయారు. ఆ తర్వాత ఫోను ఎత్తడం మానేశారు.

రేఖ టవేరా తాళం తీసుకుని రోడ్డెక్కింది. దశరథ్ అడ్డు చెప్పలేదు. కానీ బండి బాగోగులు మాత్రం వదలలేదు. ఆమె ట్రిప్పు ముగించుకుని వచ్చేసరికి వాకిట్లో నిలబడి ఉండేవాడు. బానెట్ ఎత్తి, చేతులతో తడుముతూ బెల్టు నొక్కి చూసేవాడు, రేడియేటర్లో నీళ్లు పోసేవాడు, చక్రాలు తట్టి గాలి ఎంత ఉందో చెప్పేవాడు. వీధిలో పోయేవాళ్లు ఆగి, "దశరథన్నా, మా బండి జెర చూడరాదే" అంటే ఆ పూటంతా అతని మొహం వెలిగిపోయేది. కర్ర పట్టుకోవడానికి ఒప్పుకునేవాడు కాదు. ఎవరైనా చేయి అందిస్తే విదిలించుకునేవాడు. "నాకు కనవడ్తది" అనడం అతనికి అలవాటైపోయింది.

ఎంత కనబడుతుందో రేఖకు తెలుసు. కన్నుతో పాటు ముక్కు కూడా పోయిందని ఆమెకు ఒక రోజు తెలిసింది. ఆమె స్నానం చేసి వచ్చేసరికి పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడి ఉంది. ఇల్లంతా పొగ. దశరథ్ పొయ్యి పక్కనే స్టూలు మీద కూర్చుని రేడియో వింటున్నాడు.

"పాలు మాడిపోయినయ్. వాసన రాలేదా?"

అతను ఉలిక్కిపడ్డాడు. "ఏదో సోంచాయిస్తున్న" అన్నాడు.

రేఖ గిన్నె తోముకుంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఉన్నదల్లా లాక్కుపోయిన ఆ మందు ఇది కూడా తీసుకుపోయిందని అతని నోట చెప్పించడానికి ఆమెకు మనసు రాలేదు.

ఆ ఎండాకాలం టవేరా స్టీరింగ్ మూలగడం మొదలుపెట్టింది. ఇరుకు చోట బండి తిప్పినప్పుడల్లా జబ్బుపడ్డ దూడలా ఒకటే మూలుగు. ముత్తంగిలో, రింగ్ రోడ్డు పక్కన గోదాముల మధ్య, ఖాసిం షెడ్డు ఉంది. దశరథ్‌కు ట్యాంకర్ రోజుల నుంచీ దోస్తు. రేఖ ట్రిప్పు నుంచి వస్తూ అక్కడ ఆపింది. ఖాసిం బానెట్ ఎత్తి, స్టీరింగ్ ఆయిల్ డబ్బా మూత తీసి, వేలు ముంచి చూపించాడు. వేలు బొగ్గు ముట్టుకున్నట్టు నల్లగా ఉంది.

"ఆయిల్ కాలిపోయింది భాభీ. మొత్తం తీసి కొత్తది పొయ్యాలె. దీనికి ఎర్రదే వెయ్యాలె, ఇంకోటి పడదు. వేరేది పోస్తే లోపల రబ్బర్లు ఉబ్బుతయ్, మెత్తగై తెగుతయ్. బ్రేక్ ఆయిల్ గూడ మార్చే టైమైంది. రెండూ తెచ్చి పెట్టుకోండి. ఐతారం రండి, చేసిస్త."

పటాన్‌చెరులో ఆమె రెండూ కొంది. రెండూ ఒకే కంపెనీవి, ఒకే సైజు ప్లాస్టిక్ సీసాలు. మీది కాగితం, మూత రంగు మాత్రమే వేరు. వెనక సీటు కింది డబ్బాలో పానాలతో పాటు వాటినీ పెట్టింది. ఇంటికొచ్చాక అన్నం తింటూ ఆదివారం ఖాసిం దగ్గరికి పోవాలని చెప్పింది.

దశరథ్ ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగాడు. "ఆయిల్ మార్చనీకి ఖాసిం ఎందుకు? నా చేతులు గూడ పోయినయా?"

"అది కాదు. బ్రేకులు గూడ చూపియ్యాలె కదా."

"బ్రేకులు ఆయన చూసుకోని. స్టీరింగ్ ఆయిల్ ఎన్నిసార్లు మార్చిన నేను! గంట పని."

రేఖ సరేనన్లేదు, వద్దనీ అనలేదు. మర్నాడు మధ్యాహ్నం ట్రిప్పు నుంచి వచ్చి నడుం వాల్చింది. నిద్ర లేచేసరికి బయట బండి చప్పుడు. వాకిట్లోకి వచ్చి చూస్తే టవేరా ముందు చక్రాలు జాకీ మీద గాలిలో ఉన్నాయి. కింద తట్టలో నల్లటి పాత ఆయిల్ ఉంది. దశరథ్ డ్రైవరు సీట్లో కూర్చుని స్టీరింగును ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా తిప్పుతున్నాడు. తల కొద్దిగా పైకెత్తి, లోపల ఆయిల్ పారే చప్పుడు వింటున్నాడు. ట్యాంకర్ నడిపే రోజుల్లో అతనికి ఉండిన ధీమా మొహంలోకి తిరిగి వచ్చింది. ఆస్పత్రి నుంచి వచ్చాక రేఖ అతన్ని అలా చూడడం అదే మొదలు.

"అయిపోయింది. పట్టుకొని చూడు, వెన్న లెక్క తిరుగుతది" అన్నాడు, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ.

ఆమె కూర్చుని తిప్పింది. నిజంగానే మూలుగు లేదు. దిగి బానెట్ దగ్గరికి వచ్చింది. డబ్బా మూత తీసి ఒకసారి చూద్దామని ఆమె చేయి ముందుకు పోయింది కూడా. దశరథ్ పక్కనే నిలబడి ఉన్నాడు. మూత తిప్పితే ఆ చప్పుడు అతనికి వినబడుతుంది. తనను నమ్మలేదని అర్థమవుతుంది. రేఖ చేయి వెనక్కి తీసుకుని బానెట్ దించింది.

"మంచిగ చేసినవ్" అంది.

కొన్నాళ్లు బండి బాగానే నడిచింది. మూలుగు పోయింది కదా అని ఖాసిం దగ్గర బ్రేకుల పని కూడా వాయిదా పడింది. తర్వాత మళ్లీ మూలుగు మొదలైంది, ఈసారి ఇంకా గట్టిగా. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు స్టీరింగ్ బిగుసుకుని ఉండి కాసేపటికి వదులయ్యేది. బండి ఆపిన చోట నేల మీద తడి మచ్చలు కనబడేవి. దశరథ్‌తో చెప్తే, "కొత్త ఆయిల్ కదా, లోపల గాలి పట్టి ఉంటది. తిరిగితే అదే పోతది" అన్నాడు. ఖాసింకు చూపిద్దామంటే మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఆ ఆదివారం ఓవర్‌టైమ్ షిఫ్టు పడి బండి తిప్పాల్సి వచ్చింది. వచ్చే ఆదివారం తప్పకుండా పోవాలని, అతనికి చెప్పకుండానే పోవాలని రేఖ అనుకుంది.

ఆ ఆదివారం రాలేదు.

ఆ పొద్దున ముందు సీట్లో ఎప్పటిలాగే మొగులమ్మ కూర్చుంది. పటేల్‌గూడ పాతకాపు మనిషి. ఒకప్పుడు అక్కడి చేలల్లోనే కలుపు తీసిన చేతులు, ఇప్పుడు ఒక మందుల కంపెనీ క్యాంటీన్లో రొట్టెలు చేస్తున్నాయి. మోకాళ్లు మడవడం కష్టమని ఆమెకు ఎవరూ చెప్పకుండానే ముందు సీటు వదిలేసేవాళ్లు. వెనక ల్యాబులో పనిచేసే నిషిత, ప్యాకింగు ఆడవాళ్లు కూర్చున్నారు.

"ఏం బిడ్డా, నీ బండి మస్తు మూల్గుతున్నది. నా మోకాళ్ల లెక్కనే అయింది" అంది మొగులమ్మ.

"చూపిస్త పెద్దమ్మా, ఈ ఐతారం."

"చూపియ్యి. మా శివశంకర్ పెండ్లికి దీంట్లనే పోవాలె మనం. వాడు ఏసీ బస్సంటున్నడు. నాకు ఏసీ వద్దు, నా కోడలింటికి నేను ముందట కూసొని పోత."

వెనక ఆడవాళ్లు నవ్వారు. బండి హైవే దిగి ఇండస్ట్రియల్ ఏరియాలోకి వచ్చింది. రోడ్డుకు ఎడమ పక్కన, గేట్లు తెరవని కంపెనీల ముందు, లారీలు వరసగా నిలిచి ఉన్నాయి. కుడివైపు మలుపు దగ్గర రేఖ వేగం తగ్గించి స్టీరింగ్ తిప్పింది. సగం తిరిగాక అది ఆగిపోయింది. బానెట్ కింద ఏదో తెగిన చప్పుడు, వెంటనే కాలిన వాసన. చేతుల్లో చక్రం రాయిలా అయింది. ఒంట్లో బలమంతా పెట్టి గుంజింది. బ్రేకు తొక్కింది. బండి మలుపు తిరగకుండా నేరుగా, ఎడమ అంచున నిలిచి ఉన్న ట్రైలర్ వైపు జారింది. ట్రైలర్లో ఇనుప పైపులున్నాయి. వెనకకు పొడుచుకొచ్చిన వాటి చివరలకు ఎర్రగుడ్డ కూడా కట్టలేదు.

గుద్దుడు పెద్దది కాదు. ఇంజిన్ కూడా ఆగలేదు. రేఖకు నుదుటి మీద గీత పడింది, నిషితకు చెయ్యి విరిగింది. మిగతా ఆడవాళ్లకు దెబ్బలు. ముందు అద్దంలోంచి లోపలికి వచ్చిన పైపు మాత్రం మొగులమ్మ సీటు వరకూ వచ్చింది. రేఖ ఆమె పేరు పెట్టి అరుస్తూ భుజం పట్టుకుని కదిపింది. ఆ తర్వాత ఎవరో రేఖను వెనక నుంచి పట్టి కిందికి దించారు.

పోలీసులు మొగులమ్మ చావు మీద కేసు రాశారు. లైసెన్సు తీసుకున్నారు. స్టేషన్లో అడిగినప్పుడు రేఖ ఒకటే మాట చెప్పింది: "స్టీరింగ్ తిరగలేదు సార్." అక్కడ నిలబడ్డ ఎవరో, "ఆడదాని చేతికి బండిస్తే గిట్లనే ఉంటది" అన్నారు. ఆ మాట సాయంత్రానికి పటేల్‌గూడ చేరింది. కిరాణా కొట్టు దగ్గర, నల్లా దగ్గర, కంపెనీ గేట్ల ముందు మిగతా డ్రైవర్ల మధ్య అదే మాట. నిన్నటిదాకా ఆమె బండి కోసం నిలబడిన ఆడవాళ్లలోనే కొందరు, "మేం ముందే అనుకున్నం" అన్నారు.

పోలీసులు చూసి రాసుకోవడం అయ్యాక బండిని ఖాసిం షెడ్డుకు లాగించారు. లోపల ఉండిపోయిన ఆడవాళ్ల టిఫిన్ డబ్బాలు, సంచులు తీసి ఎవరివి వాళ్లకు ఇచ్చిరావాలని రేఖ షెడ్డుకు పోయింది. వెనక సీటు కింద చెయ్యి పెట్టి తడిమితే పానాల డబ్బా దొరికింది. మూత తీసింది. లోపల ఒకటే సీసా ఉంది. బయటికి తీసి చూసింది. స్టీరింగ్ ఆయిల్. మూత మీది సీలు తెగలేదు.

ఎండలో పట్టుకుంటే లోపల ఎర్రగా మెరిసింది.

ఆమె అక్కడే బండి మెట్టు మీద కూర్చుండిపోయింది. ఖాసిం దగ్గరికి వచ్చి, సీసా చూసి, తల దించుకున్నాడు.

"నేను నిన్ననే చూసిన భాభీ. స్టీరింగ్ డబ్బాల మిగిలింది పసుపు ఉంది. బ్రేక్ ఆయిల్. రబ్బర్లన్నీ పిండి లెక్క అయినయ్. పైప్ తెగింది."

"ఆయనకు చెప్పొద్దు భయ్యా."

"పోలీసులకు?"

"ఎవ్వలకూ చెప్పొద్దు. పైపు పాతది, తెగిందను. అంతే."

ఖాసిం ఆమె చేతిలోంచి సీసా తీసుకుని గోడకున్న అరలో పాత డబ్బాల వెనక పెట్టాడు.

ఆ రోజు నుంచి రేఖ మాట మార్చింది. స్టీరింగ్ తిరగలేదనడం మానేసింది. ఎవరన్నా అడిగితే, "నాదే తప్పు, చూసుకోలే" అనేది. ఊరు అనే మాటను తల మీద వేసుకుని తిరిగితే ఇంట్లో మనిషి మిగులుతాడని ఆమె లెక్క. కానీ దశరథ్ ఆ మాట విన్నప్పుడల్లా మంట మీద కూర్చున్నట్టు లేచేవాడు.

"నువ్వు చెయ్యని తప్పు నెత్తినెందుకు వేసుకుంటున్నవ్? నీకు బండి నేర్పింది నేను. నీ చెయ్యి నాకు తెల్వదా? నిషిత ఏమన్నది? అక్క గుంజుతనే ఉంది, అది తిరగనే లేదన్నది. బండిల ఏదో ఉంది. ఖాసింతోని విప్పిపిద్దాం. ఆడది నడిపితే గిట్లయిందన్న ప్రతి ఒక్కని నోరు మూపిస్త."

"వద్దు. పోయిన మనిషి రాదు. ఇగ విడిచిపెట్టు."

"నిన్ను అంటుంటే ఎట్ల విడిచిపెడ్త?"

అతను విడిచిపెట్టలేదు. కొట్టు దగ్గర ఒకతనితో గొడవపడ్డాడు, అతని చొక్కా అనుకుని ఇంకొకరి చొక్కా పట్టుకుని నవ్వులపాలయ్యాడు. ఫోనులో ఖాసింను అడిగితే ఖాసిం, పైపు తెగింది భాయ్, పాత పైపు, అని నీళ్లు నమిలాడు. పైపు ఊరికే ఎందుకు తెగుతుందని దశరథ్ ఎదురు ప్రశ్న వేశాడు. చివరికి ఒక పొద్దున రేఖ బియ్యం తేవడానికి పోయిన సమయం చూసి, పక్కింటాయనను బతిమాలి ఆటో ఎక్కించుకుని ముత్తంగి పోయాడు. సంగతి తెలిసి రేఖ వెనకే ఇంకో ఆటోలో పరుగెత్తింది.

ఆమె చేరేసరికి అతను టవేరా ముందు నిలబడి ఉన్నాడు. నలిగిన బానెట్ మీద చేతులు పెట్టి తడుముతున్నాడు. ఖాసిం పక్కన నిలబడి ఏం చేయాలో తెలియక చూస్తున్నాడు. స్టీరింగ్ డబ్బా విప్పినప్పుడు లోపల మిగిలిన ఆయిల్ ఒక రేకు మూతలో ఇంకా బెంచీ మీదే ఉంది.

"రేఖ వచ్చిందా?" అడిగాడు దశరథ్, అడుగుల చప్పుడు విని. "మంచిగైంది. నువ్వు గూడ ఉండు. ఖాసిం భాయ్, స్టీరింగ్ల ఆయిల్ ఏదన్నా మిగిలిందా?"

"జెరంత ఉంది భాయ్."

"ఏడ ఉంది?"

ఖాసిం రేఖ వైపు చూశాడు. అంతలో దశరథ్ చెయ్యే బెంచీ మీద తడుముతూ పోయి రేకు మూతకు తగిలింది. వేలు ముంచాడు. బొటనవేలితో రుద్దాడు. మళ్లీ ముంచి రుద్దాడు. వేళ్ల మధ్య అది పలచగా జారింది.

"ఇది ఏం రంగుంది?"



"ఎర్రగనే ఉంది" అంది రేఖ.

"ఖాసిం భాయ్, నువ్వు చెప్పు."

"ఎర్రదే భాయ్. పాతదై జెర నల్లవడ్డది."

దశరథ్ ఇద్దరి గొంతులూ విన్నాడు. తర్వాత రేకు మూతను రెండు చేతులతో జాగ్రత్తగా ఎత్తుకుని షెడ్డు బయటికి నడిచాడు. గడపకు కాలు తగిలి కొంచెం ఒలికింది. బయట లారీ కింద గ్రీజు పెట్టించుకుంటూ ఒక డ్రైవరు నిలబడి ఉన్నాడు, బీహారు వైపు మనిషి. దశరథ్ ఆ ఆకారం వైపు మూత చాచి రంగు అడిగాడు.

"భయ్యా, జరా దేఖ్‌నా. ఇస్కా రంగ్ క్యా హై?"

ఆ డ్రైవరు వంగి చూసి, ఎంతో మామూలుగా చెప్పాడు. "పీలా హై. బ్రేక్ ఆయిల్ లగ్‌తా హై."

"లాల్ నహీ?"

"నహీ భయ్యా. పీలా."

పసుపు. ఎర్రది కాదు. దశరథ్ చేతిలో మూత పక్కకు ఒరిగి ఉన్నదంతా అతని పాదాల మీద పడింది. ఎవరికో కాదు, తనకు తనే చెప్పుకుంటున్నట్టు అన్నాడు: "పోస్తున్నప్పుడు పలచగనే అనిపించింది. కొత్తది కదా, గట్లనే ఉంటదేమో అనుకున్న."

ఆ మాట విన్నాక రేఖలో ఇన్నాళ్లూ బిగబట్టుకున్నదేదో ఒక్కసారి తెగింది.

"అనిపిస్తే అడగకపోయినవా? నేను లోపల్నే పండుకొని ఉన్న గద! ఒక్కసారి లేపితే ఏం పోతుండె? ఒక్క మాట, రేఖా ఈ సీసా ఏందో చూడు అంటే నీదేమన్న తగ్గుతుండెనా?" ఆమె గొంతు షెడ్డంతా మోగింది. పనివాళ్లు పానాలు దించి చూశారు. "కనవడ్తది కనవడ్తది అని ఎన్ని పొద్దులు చెప్పినవ్! ముక్కు గూడ పోయింది, నాకు తెల్వదనుకున్నవా?"

అతను తిరిగి అరవలేదు. "తెలిస్తే నువ్వెందుకు అనలే?" అని మెల్లగా అడిగాడు.



దశరథ్ మూతను కింద పెట్టి రోడ్డు వైపు నడవడం మొదలుపెట్టాడు. "మొగులమ్మ ఇంటికి పోత" అన్నాడు. అటు సర్వీసు రోడ్డు, కంటైనర్లు ఆగకుండా పోతున్నాయి. అతను అంచు దాటి కాలు పెట్టేశాడు. హారన్ మోగింది. రేఖ ఉరికి అతని చొక్కా వెనక పట్టుకుని లాగింది. కంటైనర్ గాలి ఇద్దరినీ తోసుకుంటూ పోయింది. ఇద్దరూ దుమ్ములో కూర్చుండిపోయారు. ఖాసిం వచ్చి వాళ్లను ఆటో ఎక్కించాడు.

మొగులమ్మ ఇల్లు పటేల్‌గూడ పాత ఊళ్లో ఉంది. వాకిట్లో ఇంకా దినాలకు వేసిన షామియానా కర్రలు తీయలేదు. కొడుకు శివశంకర్ గుండుతో, అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వాళ్లను చూసి లేవలేదు, పొమ్మని కూడా అనలేదు. దశరథ్ అతను ఎటు ఉన్నాడో తెలియక, గోడ వైపు తిరిగి చెప్పాడు.

"తమ్మీ, రేఖ తప్పు లేదు. స్టీరింగ్ల ఆయిల్ నేను మార్చిన. ఎర్రది పొయ్యాల్సింది బ్రేక్ ఆయిల్ పోసిన. నాకు కనవడలే. కనవడలేదని చెప్పుకోనీకి నామోషీ అయింది. మీ అమ్మను నేనే సంపిన."

శివశంకర్ దశరథ్‌ను తిట్టలేదు. తల ఎత్తి రేఖను చూశాడు.

"నీకు ఎప్పుడు తెలిసిందక్కా?"

"బండి షెడ్డుకు తెచ్చినంక."

"దానికి ముందు? అనుమానం గూడ రాలేదా?"

అబద్ధం చెప్పడానికి ఆమెకు ఒక క్షణం దొరికింది. ఆ క్షణం అలాగే పోనిచ్చింది.

"వచ్చింది. స్టీరింగ్ మూల్గుతుండె. ఆయిల్ కారుతుండె. ఐతారం చూపిస్త అనుకున్న."

"అనుమానం ఉన్న బండిల మా అమ్మను ఎందుకు ఎక్కిచ్చుకున్నవ్?"

 లోపల ఎవరో ఆడమనిషి ఏడుపు మొదలుపెట్టింది. శివశంకర్ లేచి, "ఇగ పోండి" అని లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. గట్టిగా కూడా వేయలేదు.

అదే రోజు దశరథ్ పోలీస్ స్టేషన్‌కు పోవాలని పట్టుబట్టాడు. ఎస్సై అతను చెప్పిందంతా విన్నాడు. మాట రాయించుకున్నాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, "నువ్వు పోసినవు, సరే. కానీ బండి నడిపింది ఎవరు? చప్పుడు వస్తుందని తెలిసి జనాన్ని ఎక్కించుకుని రోడ్డు మీదికి తెచ్చింది ఎవరు? కేసు ఆమె మీదే ఉంటుంది" అన్నాడు. చెడ్డగా కాదు, ఉన్నదున్నట్టు. దశరథ్ ఇంకా ఏదో చెప్పబోయాడు. రేఖ అతని భుజం మీద చెయ్యి వేసి లేపింది.

ఊళ్లో మాట మారింది. ఆడది నడిపితే ఇట్లయిందన్నవాళ్లు ఇప్పుడు గుడ్డివాడు ఆయిల్ పోస్తే ఇట్లయిందన్నారు. అంతే తేడా. టవేరా షెడ్డు వెనక తుప్పుపడుతోంది. ఖాసిం దాన్ని ముట్టుకోలేదు, ఎవరూ అడగలేదు. రేఖ రుద్రారం దగ్గర ఒక గోదాములో పెట్టెలు సర్దే పనికి కుదిరింది. బస్సులో నిలబడి పోతుంది. డ్రైవరు స్టీరింగ్ తిప్పే ప్రతిసారీ ఆమె చేతులు పట్టుకున్న కడ్డీని నలుపుతాయి. దశరథ్ ఇప్పుడు ఏ బండి జోలికీ పోడు. వీధిలో ఎవరైనా బానెట్ ఎత్తితే లేచి ఇంట్లోకి పోతాడు. ఇద్దరి మధ్యా ఆనాటి షెడ్డు మాటలు మళ్లీ రాలేదు. కానీ రాత్రి అన్నం ముందు కూర్చుంటే అవి అక్కడే ఉన్నట్టు ఇద్దరికీ తెలుస్తుంది. కూర ఏదో అతను అడుగుతాడు. ఆమె చెబుతుంది. అంతకు మించి పెద్దగా మాటలుండవు.

కేసు సంగారెడ్డి కోర్టులో నడుస్తోంది. వానలు మొదలైన తర్వాత ఒక వాయిదాకు ఇద్దరూ పోయారు. మెట్ల దగ్గర దశరథ్ ఆగిపోయాడు.

"మెట్లు ఎత్తుగున్నయా?" అన్నాడు.

"ఉన్నయ్. తడిగ గూడ ఉన్నయ్."

"నాకు కనవడ్తలేదు రేఖా. చెయ్యి పట్టుకో."

ఆమె పట్టుకుంది. ఎక్కుతుంటే పై మెట్టు మీద ఎవరో నిలబడి ఉన్నారు. శివశంకర్. సాక్ష్యానికి అతన్నీ పిలిచారు. జుట్టు మళ్లీ పెరిగింది. పెళ్లి ఆ ఏడాదికి ఆపుకున్నారని రేఖ ఎక్కడో వింది. వాళ్లను చూసి అతను పక్కకు జరిగి దారి ఇచ్చాడు, వాళ్ల మొహాల వైపు మాత్రం చూడలేదు.

జడ్జి రాలేదు. కేసు ఇంకో తేదీకి పడింది. పటాన్‌చెరు బస్సు ఒక్కటే ఉంది. ముగ్గురూ అదే ఎక్కారు. శివశంకర్ ముందు వైపు, వాళ్లిద్దరూ వెనక వైపు. కంది ఊరు దాటే వరకూ వాన కొడుతూనే ఉంది. బస్సు కిటికీలు మూసేశారు.